హ్యాండిలు మీద చెయ్యి

ఆ చలికాలం మొదటి మంచు పట్టిన ఉదయం మా ముందుగదిలో ఎవరెవరు ఉన్నారో, ఉన్న వరుసలోనే చెబుతాను. కిటికీ పక్క కుర్చీలో మా నాన్నగారు. ఆయనకు వెనకగా, వంటింటి గడప మీద, చేతిలో పాలగిన్నెతో మా అమ్మ. వీధి తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటూ మా వదిన. మేడమెట్ల మీద, చంకలో కాలేజీ పుస్తకాలతో నేను. అందరికంటే చివర, గోడకు ఆనుకుని, మా అన్నయ్య సైకిలు. వస్తువును మనుషుల వరుసలో చేర్చడం సబబు కాదని నాకు తెలుసు. కాని ఆ ఉదయం నుంచి నాన్నగారు దాన్ని మనిషిగానే లెక్కించారు కనుక నేను విడిచిపెట్టడానికి వీల్లేదు.

అన్నయ్య పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. టెలిఫోను శాఖలో లైన్‌మన్. కిందటి చలికాలంలో, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, మా వీధి చివరి ఇనప వంతెన మీద సైకిలు జారింది. రేకుల మీద కంటికి కనిపించనంత పలుచగా మంచు గడ్డకట్టి ఉందని తరవాత అన్నారు. తల కమ్మీకి తగిలింది. సైకిలుకు గీత కూడా పడలేదు.

పడిపోయిన ఆ ఉదయం అన్నయ్య గుమ్మంలో ఆగి, "మరీ చలిగా ఉంది నాన్నా, ఇవాళ నడిచి పోనా?" అని అడిగాడు. నాన్నగారు ఊళ్ళో తరతరాల పిల్లలకు డ్రిల్లు నేర్పిన మాస్టారు. చలి అనే మాటను ఆయన సోమరితనానికి మారుపేరుగా తప్ప వాడి ఎరుగరు. "చలికి చెమటే మందురా. తొక్కు!" అన్నారు. ఆ మాట మేమందరం విన్నాం. విన్నామన్న సంగతి మాలో ఎవరూ ఆ తరవాత నోరెత్తి అనలేదు.

వదిన ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పెళ్ళికి ముందు నుంచీ అదే ఉద్యోగం. ఎక్స్ఛేంజి వంతెనకు అవతల, ఊరి రెండో కొసన ఉంది. పొద్దున్నే మొదలయ్యే డ్యూటీకి బస్సులు ఉండవు. అన్నయ్య పోయాక అతని సైకిలు మీదే వెళ్ళివచ్చేది. వేసవి గడిచింది, వానలు గడిచాయి, ఎవరూ ఏమీ అనలేదు. మొదటి మంచు పడిన రోజున ఆమె హ్యాండిలు పట్టుకోబోతే నాన్నగారు కుర్చీలోంచి లేచారు.

నెమ్మదిగా వచ్చి హ్యాండిలు మీద అరచెయ్యి ఆనించారు. తల ఒక పక్కకు వంచారు. దూరం నుంచి ఎవరో పిలిస్తే ఆలకిస్తున్న మనిషిలా ఉన్నారు.

"వద్దంటున్నాడు," అన్నారు.

అమ్మ గడప మీంచే అడిగింది. "ఎవరండీ?"

"ఎవరేమిటి? దీన్ని తొక్కినవాడు." వదిన వైపు తిరిగారు. గొంతులో డ్రిల్లు మాస్టారు లేరు. "'నువ్వు వెళ్ళొద్దు. వంతెన మీద జారుతుంది' అంటున్నాడమ్మాయ్."

వదిన కాసేపు ఆయన చేతికేసి చూసింది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. అంతలోనే, "అలాగే మావయ్యగారూ, నడిచి వెళ్తాను," అని గబగబా మెట్లు దిగిపోయింది.

అది ఆ ఒక్క రోజుతో పోలేదు. ప్రతి ఉదయం అదే తంతు. వదిన తయారై వచ్చేది, నాన్నగారు హ్యాండిలు మీద చెయ్యి పెట్టేవారు, అన్నయ్య వద్దనేవాడు. వదిన నడిచి వెళ్ళేది, ఆలస్యమయ్యేది. టెలిఫోను బోర్డు ముందు కుర్చీకి ఒక నియమం ఉంది. వచ్చినవారు కూర్చుంటే గాని ఉన్నవారు లేవకూడదు. వదిన ఆలస్యమైన ప్రతిరోజూ రాత్రంతా మేలుకున్న మరో మనిషి ఆ కుర్చీలో కళ్ళు నులుముకుంటూ ఉండిపోవలసి వచ్చేది.

నేను చదువుకున్నవాణ్ణి. చదువు నేర్పేది ఒకటే, ఊహను పక్కన పెట్టి కొలత మీద నిలబడమని. ఒక ఉష్ణమాపకం తెచ్చి కిటికీ బయట మేకుకు తగిలించాను. పాదరసం మంచు గీతకు కిందుంటే సైకిలు వద్దు, పైనుంటే వెళ్ళవచ్చు అని చిలక్కి చెప్పినట్టు వివరించాను. నాన్నగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని దాన్ని పరీక్షగా చూశారు.

"లెక్చరరు గారూ," అన్నారు. నా ఉద్యోగంతో నన్ను పిలిస్తే ఆయనకు కోపం వచ్చిందని అర్థం. "ఈ గాజుపుల్ల ఎప్పుడైనా వంతెన మీద పడిందా?"

గాజుపుల్లను మేకుకే వదిలేసి కాలేజీకి వెళ్ళిపోయాను.

ఎండ కాసిన రోజుల్లో కూడా అదే తీర్పు. ఒకనాడు పాదరసం గీతకు ఎంతో పైన ఉంది, వీధిలో పిల్లలు చొక్కాలతోనే తిరుగుతున్నారు, అయినా అన్నయ్య వద్దన్నాడు.

"ఇనుము నాన్నగారూ అది," అన్నాను. "గదిలో పెట్టినా ఈ కాలంలో చల్లగానే ఉంటుంది."

"నీ ఇనుము సంగతి నాకెందుకు? వాడు చెప్పేది నేను వింటున్నాను."

అమ్మ వంటింట్లోకి పిలిచి నెమ్మదిగా అంది. "ఇనుమును ఎందుకు అంటావురా? ఏడాదిగా చల్లగా ఉన్నది ఆయన చెయ్యి."

అప్పటికి నన్ను పట్టి పీడిస్తున్నది వేరే. తెల్లవారుజామున, సరిగ్గా అన్నయ్య డ్యూటీకి బయలుదేరే వేళకు, కింద ముందుగదిలో సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించేది. తొక్కడం ఆపి వదిలేసినప్పుడు వెనక చక్రం చేసే టిక టిక టిక చప్పుడు. పక్కలో పడుకుని వినేవాణ్ణి. మొదట వేగంగా, తరవాత నిదానంగా, చివరికి ఆగి ఆగి. దాని తరవాత వీధి తలుపు చప్పుడు కోసం నా చెవులు ఎదురుచూసేవి. ఆ చప్పుడు వచ్చేది కాదు.

ఒక తెల్లవారుజామున ఉండబట్టలేక మెట్లు దిగాను. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు. నాన్నగారు నేల మీద గొంతుక్కూర్చుని, ఒక చేత్తో సైకిలు వెనక భాగం పైకెత్తి, రెండో చేత్తో పెడలు తిప్పి వదిలేశారు. చక్రం తిరుగుతోంది. ఆయన చెవి చువ్వలకు ఆనేంత దగ్గరగా ఉంది.

"నాన్నగారూ!"

"ఉష్! అక్కడే ఆగు. మాట్లాడుతున్నాడు."

ఆగాను. చక్రం చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు. ఏమీ వినిపించలేదని ప్రమాణం చేస్తావా అంటే మాత్రం, నేను అన్ని విషయాలలోనూ నిక్కచ్చి మనిషిని అయినా, కొంచెం ఆలోచించుకోవలసి వస్తుంది. చక్రం ఆగబోయే ముందు ఒక నిట్టూర్పు లాంటిది వచ్చింది. అది నాన్నగారిదే అయి ఉండాలి.

చలి ముదిరింది. నది మీంచి లేచిన పొగమంచు మధ్యాహ్నం దాకా వీధి వదిలేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఎక్స్ఛేంజి నుంచి రాత్రి డ్యూటీ ఆపరేటరు మా ఇంటికి వచ్చింది. ఆమెను అక్కడందరూ 'కంచు' అంటారు. ఆమె బోర్డు ముందు మాట్లాడితే టెలిఫోను అవసరం లేదని ఒక హాస్యం. వదిన ఇంకా పని నుంచి రాలేదు. కంచు వచ్చి కూర్చోను కూడా కూర్చోలేదు.

"పిన్నిగారూ, పేచీ పెట్టుకోడానికి రాలేదు నేను. పేచీ పెట్టుకునే ఓపిక కూడా లేదు. రాత్రీ నేనే, పొద్దునా నేనే. నా మొగుడు అడుగుతున్నాడు, ఎక్స్ఛేంజికే కాపురానికి వెళ్ళావా అని."

"కూర్చో తల్లీ, కాస్త వేడిగా ఏమైనా తాగు," అంది అమ్మ.

"తాగితే ఇక్కడే నిద్రపోతాను. మాట చెప్పి పోతా. సూపర్‌వైజరు ఇవాళ అందరి ముందూ అనేసింది. రేపు కూడా ఆలస్యమైతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తుందట. మీ కోడలు నోరెత్తి ఒక్క ముక్క చెప్పుకోదు. సైకిలుందిగా, ఎందుకు రావంటే నవ్వి ఊరుకుంటుంది." ఆమె నాన్నగారి వైపు చూసింది. చిన్నప్పుడు ఆయన దగ్గర డ్రిల్లు చేసిన పిల్ల. "మాస్టారూ, ఆలస్యంగా వస్తే మమ్మల్ని మైదానం చుట్టూ పరిగెత్తించేవారు మీరు. గుర్తుందా?"

నాన్నగారు కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నారు.

గడప దాటబోతూ కంచు నా దగ్గర ఆగి, గొంతు తనకు చేతనైనంత తగ్గించింది. అంటే మామూలు మనుషులు మాట్లాడినంత. "ఆ కుర్చీ పోతే ఆ పిల్ల ఏమైపోతుందో మీకు తెలీదు బాబూ. ఇంట్లో మీ అందరికీ ఆయన సైకిలుంది, చొక్కాలున్నాయి, ఫొటో ఉంది. ఆవిడకి ఆ కుర్చీ ఒక్కటే."

ఆ మాట నాకు ఆ పూట అర్థం కాలేదు.

మరునాడు ఉదయం ఆ చలికాలానికి నడినెత్తి. కిటికీ అద్దాల లోపలి వైపు కూడా మంచు పూలు పూసింది. వదిన మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని, చేతులకు అన్నయ్య పాత తోలు తొడుగులు వేసుకుని వచ్చి సైకిలు పక్కన నిలబడింది. నాన్నగారు లేచి హ్యాండిలు మీద చెయ్యి పెట్టారు. ఆ రోజు ఆలకించడానికి ఎక్కువసేపు పట్టింది.

"'నువ్వు వెళ్ళొద్దు' అంటున్నాడమ్మా. 'ఉద్యోగం పోతే పోయింది, నువ్వు వెళ్ళొద్దు' అంటున్నాడు."

వదిన కదలలేదు.

"మావయ్యగారూ," అంది. "ఆయన నన్ను నువ్వు అనరు."

నాన్నగారికి అర్థం కాలేదు. మాకూ కాలేదు. మా అందరి ముందూ అన్నయ్య ఆమెను 'నువ్వు' అనే పిలిచేవాడు. ఏ ఇంట్లోనైనా మొగుడు పెళ్ళాన్ని పిలిచినట్టే.

"మీ ముందు అనేవారు," అంది వదిన. "గదిలో 'మీరు' అనేవారు. పెళ్ళికి ముందు స్తంభం ఎక్కి లైను సరిచేసినప్పుడల్లా పైనుంచి బోర్డుకి ఫోను చేసేవారు. 'మీరు వినిపిస్తున్నారు. నేను వినిపిస్తున్నానా?' అని. అది వాళ్ళ పద్ధతి, ప్రతి లైన్‌మనూ అనాల్సిందే. ఈయన మాత్రం బాగానే ఉన్న లైన్లకు కూడా అనేవారు. పెళ్ళయ్యాక ఇద్దరమే ఉంటే ఆ 'మీరు' పోలేదు. నవ్వులాటకే. తరవాత అలవాటైపోయింది."

ఆమె మొహంలో కన్నీళ్ళేమీ లేవు. ఆపరేటరు చిరునామా చెప్పినంత స్పష్టంగా చెప్పింది.

"ఆయనే వద్దనాలంటే, 'మీరు వెళ్ళొద్దు' అంటారు మావయ్యగారూ."

అమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నగారి చెయ్యి హ్యాండిలు మీదే ఉంది గాని, దాని కింద ఉన్నది ఇప్పుడు ఒట్టి ఇనుమని ఆయన మొహం చెప్పింది.

"మొదటి రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకాగావమ్మా ఇన్నాళ్ళూ?"

"మీరు ఆగమన్నారని ఆగాను. ఆయన చెప్పారని కాదు."

తరవాత నాన్నగారు, ఇరుగింటివాళ్ళ కుశలం అడుగుతున్నట్టు, "అక్కడ, నీ బోర్డు దగ్గర మాట్లాడతాడా?" అని అడిగారు.

ఆ ప్రశ్న ఎలా పుట్టిందో నాకు తెలియదు. వదిన మాత్రం ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు జవాబు చెప్పింది.

"ప్రతి లైనుకీ బోర్డు మీద చిన్న ఇత్తడి మూత ఉంటుంది. ఎవరైనా పిలిస్తే అది టక్కున పడుతుంది. వంతెన మీదుగా పోయే లైను మూత, బాగా చలిగా ఉన్న పొద్దుటి పూట, ఎవరూ పిలవకుండానే పడుతుంది. గాలికి తీగలు ఒకదానికొకటి తగులుతాయంతే. లైను కలిపి వింటే హోరు వినిపిస్తుంది."

"ఏమంటాడు?"

"ఏమీ అనరు. గాలి మావయ్యగారూ."

"నువ్వేమంటావు?"

వదిన తొడుగుల వేళ్ళు సర్దుకుంది. "మూత పడితే జవాబివ్వకుండా వదలకూడదని రూలు. 'మీరు వినిపిస్తున్నారు' అని మూత పైకెత్తేస్తాను."

నాన్నగారు హ్యాండిలు మీంచి చెయ్యి తీశారు. అరచేతికేసి చూసుకున్నారు. తరవాత, మాలో ఎవరి వైపూ చూడకుండా, "ఆ రోజు నేను చెయ్యి పెట్టి చూడలేదు," అన్నారు.

అంతే అన్నారు. ఆ ఏడాదిలో అన్నయ్య పోయిన ఉదయం గురించి ఆయన మాతో అన్న మొదటి మాట అదే.

వెంటనే అమ్మ వైపు తిరిగారు. "పొయ్యిలో బూడిద ఎత్తావా?"

"ఇంకా లేదు."

"బకెట్టులోకి ఎత్తియ్యి. అమ్మాయ్, నా బూట్లు ఆ బల్ల కింద ఉంటాయి, ఇలా అందియ్యి. లెక్చరరు గారు అక్కడ కొయ్యలా నిలబడకుండా తలుపు తీస్తే బాగుంటుంది."

నేను తలుపు తీశాను. ఆయన పదవీ విరమణ తరవాత వేసుకోని డ్రిల్లు బూట్లు వేసుకుని, మేకుకు వేలాడుతున్న ఈల మెడలో తగిలించుకుని, బూడిద బకెట్టుతో పొగమంచులోకి వెళ్ళారు. గుమ్మంలో ఆగి ఆజ్ఞ ఇచ్చారు. "ఈల వినిపిస్తే సైకిలెక్కు. వినిపించకపోతే నడిపించుకుంటూ రా. ఈల లేకుండా ఎక్కావంటే మైదానం చుట్టూ పరిగెత్తిస్తాను, కోడలివని చూడను!"

"అలాగే మాస్టారూ," అంది వదిన. ఆ ఏడాదిలో ఆమె మా ముందు నవ్వడం అదే మొదటిసారి.

వీధి చివర నుంచి ఈల వినిపించింది. రెండు పొట్టి ఊదులు, ఒక పొడుగు ఊదు. 'ముందుకు నడు' అనడానికి ఆయన పిల్లలకు వేసిన ఈల అదే. వదిన సైకిలెక్కి పొగమంచులో కలిసిపోయింది. ఆ రోజు కంచు వేళకు ఇంటికి వెళ్ళి నిద్రపోయింది.

ఆ తరవాత మా ఇంట్లో పాదరసాన్ని ఎవరూ చూడలేదు. ఎంత చలైతే సైకిలు ఎక్కకూడదో తేల్చే పని వంతెన మీదికి మారింది. నాన్నగారు అందరికంటే ముందు వెళ్ళి, ఈ కొస నుంచి ఆ కొస దాకా రేకుల మీద బూడిద చల్లుకుంటూ, ఒక్కో అడుగూ బలంగా నొక్కి చూసుకుంటూ నడిచేవారు. అన్నయ్య పడిన చోట ఆగి, అక్కడ ఒంటికాలి మీద తన బరువంతా మోపి చూసేవారు. ఇది నేను చాటుగా వెళ్ళి చూశాను. జారకపోతే ఈల.

నిజం చెప్పాలి గనుక ఇదీ చెబుతాను. ఒక ఉదయం ఆయన వంతెన మీద ఉన్నారు, వదిన మేడ మీద జుట్టు ముడి వేసుకుంటోంది, అమ్మా నేనూ వంటింట్లో ఉన్నాం. ముందుగదిలో చక్రం తిరిగింది. టిక టిక టిక. మొదట వేగంగా, తరవాత నిదానంగా. నేను అమ్మ మొహం చూశాను. ఆమె చేతిలోని గరిటె ఆగింది.

"తొందరపడుతున్నాడు," అంది అమ్మ. "అమ్మాయ్, త్వరగా రా!" అని మెట్ల వైపు కేకేసి మళ్ళీ పనిలో పడింది.

మేమిద్దరం వెళ్ళి చూడలేదు. ఆ తరవాత ఆ చప్పుడు నేను వినలేదు.

చలికాలం తిరుగుముఖం పట్టే ముందు ఒక రోజు ఈల వినిపించలేదు. వదిన సైకిలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అమ్మ వచ్చి నిలబడింది. నేనూ వచ్చాను. వీధి అంతా తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ముగ్గురి మనసుల్లో ఒకే మాట ఉంది, దాన్ని ఎవరూ పైకి రానివ్వలేదు. వదినే ముందు అడుగు వేసింది. సైకిలు నడిపించుకుంటూ నడక లాంటి పరుగుతో వెళ్ళింది, వెనక నేను.

నాన్నగారు వంతెన నడుమ, ఆ చోటనే, కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఖాళీ బకెట్టు దూరంగా దొర్లి పడి ఉంది. మోకాళ్ళకు బూడిద, తడి. ఆయన పైన వంతెన పొడుగునా తీగలు చలికి హోరుమంటున్నాయి.

"పడ్డారా?" అంది వదిన.

"మోకాళ్ళ మీద. ఏం కాలేదు." ఈల నోటి దగ్గరే ఉంది, ఊదలేదు. "ఇవాళ చలి గెలిచిందమ్మా. ఎక్కకు. నా చెయ్యి పట్టుకుని దాటు."

ఆమె ఒక చేత్తో ఆయన్ను, ఒక చేత్తో సైకిలును పట్టుకుంది. సైకిలుతో కలిపి 'ముగ్గురూ' అనే మాట నా నోటిదాకా వచ్చింది. వాళ్ళు అవతలి ఒడ్డుకు చేరేదాకా నేను ఇవతలే నిలబడ్డాను. ఒడ్డు ఎక్కాక నాన్నగారు ఆమెను సైకిలు ఎక్కించి, వెనక సీటు మీద అరచేత్తో చరిచి, "తొక్కు!" అన్నారు. ఆ మాట పొగమంచులో నాకు స్పష్టంగా వినిపించింది.

ఆ ఏడు ముగిశాక మా ఊరి పురపాలక సంఘం, చలికాలమంతా నది వంతెన మీద ఒక్క ప్రమాదమైనా జరగకపోవడానికి, క్రమం తప్పకుండా బూడిద చల్లించిన తమ విభాగమే కారణమని సభలో తీర్మానం చేసి చప్పట్లు కొట్టుకుంది. సంఘం వారి మీద నాకు అగౌరవం లేదు. కాని జరిగింది జరిగినట్టు నమోదు కావాలి. ఆ బూడిద మా వంటింటి పొయ్యిలోది. దాన్ని ప్రతి ఉదయం చల్లినవారు విశ్రాంత డ్రిల్లు మాస్టారు, మా తండ్రిగారు. తన కుమారుడు పడిన చోట ప్రతి ఉదయం ముందుగా తానే అడుగు మోపి, అది నిలిచిందని రూఢి చేసుకున్న తరవాతనే వారు ఇతరులను రమ్మన్నారు. వారి కోడలితో పాటు ఆ పొగమంచులో ఆ వంతెన దాటిన ప్రతివారూ ఇందుకు వారికి రుణపడి ఉన్నారని, వారి తరఫున నేను ఇక్కడ సవినయంగా ధ్రువపరుస్తున్నాను.